ఆపినవాళ్ళే చెప్పాలి

"చేతులు!"

మాట చిన్నదే. కానీ ఆ గదిలో ఆ మాట వినబడిందంటే ఎవరి చేతిలో ఏ పనుంటే అది అక్కడే ఆగిపోవాలి. చేతులు భుజాల పైకెత్తి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడిపోవాలి. ఆపినవాళ్ళు మళ్ళీ "కానివ్వండి" అనేదాకా ఉపగ్రహం మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, వాళ్ళు చెప్పిన పని తప్ప ఇంకో పని చెయ్యకూడదు. ఎందుకాపావని కోప్పడకూడదు. ఇంజనీరయినా అంతే, నేల తుడిచే మనిషయినా అంతే. ఆ ప్రయోగశాలలో కొత్తగా చేరినవాళ్ళకి కుర్చీ చూపించకముందే ఈ సంగతి చెబుతారు.

అందుకే ఆవేళ అందరూ చేతులెత్తేశారు. అతిథికి ఉపగ్రహం గురించి వివరిస్తున్న టీం లీడరయితే చేతిలోని చూపుడుకర్రతో సహా ఎత్తేసింది. ఫోటోగ్రాఫరుని వదిలేస్తే ఎత్తనివాళ్ళు ఇద్దరే. ఒకరు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న ఆ అతిథి. ఆయనకి ఈ పద్ధతి తెలియదు. రెండోవారు డైరెక్టరుగారు. ఆయనకి తెలుసు.

అతిథి ఒంటిమీద తెల్లగౌను సగం బొత్తాలు పెట్టకుండా వేలాడుతోంది. లోపలి కోటుకి ఏవో బిళ్ళలు, పతకాలు. ఫోటో కోసం ఆయన ఉపగ్రహం పక్కమూత, అదే పానెల్, తెరిచి ఉన్నచోట లోపలికి తొంగిచూస్తున్నట్టు వంగారు. డైరెక్టరుగారు లోపలికి వేలు పెట్టి ఏదో చూపిస్తున్నట్టు పక్కన వంగారు. సరిగ్గా ఫోటోగ్రాఫరు మీట నొక్కే క్షణానికి అవతలి వైపునుంచి ఆ కేక వచ్చింది. ఫోటోలో టీం మొత్తం పోలీసులకి లొంగిపోయిన దొంగల ముఠాలా పడింది.

"ఏమిటిది, మేమేమన్నా దోచుకోడానికి వచ్చామా?" అని అతిథి పకపకా నవ్వారు.

డైరెక్టరుగారు నవ్వలేదు. "ఎవరది?"

"నేనండీ," అంది తీగలమ్మాయి.

ఉపగ్రహం లోపల జడపాయల్లా పరుచుకునే తీగలన్నిటినీ మైనం పూసిన దారంతో ముడివేసి కట్టడం ఆమె పని. కాంట్రాక్టు ఉద్యోగం. ముప్ఫై దాటిన మనిషి, ఒక పిల్లకి తల్లి. అయినా చేరిన రోజున ఎవరో తీగలమ్మాయి అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది.

"ఎందుకు?"

"అదీ... ఏదో..." ఆమె అతిథి వైపు చూసి మాట మార్చింది. "ముందు మీరు చెయ్యి బయటికి తియ్యండి సార్."

ఆ మాటన్నది డైరెక్టరుగారితో. అతిథి ముందు, ఫోటోగ్రాఫరు ముందు, గాజు అద్దం అవతల నిలబడి చూస్తున్న పత్రికలవాళ్ళ ముందు. ఆయన మొహం ముసుగు చాటున కూడా ఎర్రబడటం తెలిసింది. చెయ్యి తీశారు. తీసి, అతిథి మోచెయ్యి పట్టుకుని, "రండి సార్, కాఫీ తీసుకుందాం," అని నడిపించుకుపోయారు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ మనిషి చెవిలో ఏదో చెప్పారు.

టీం లీడరు అతిథిని కారు దాకా సాగనంపి తిరిగొచ్చేసరికి తీగలమ్మాయి గౌను కొక్కేనికి వేలాడుతోంది. మనిషి లేదు. మెడలోని పాసు కూడా తీసేసుకుని పంపించేశారట.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ మామూలుగా కోపిష్టి కాదు. ఏ సంగతయినా సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే అలవాటు. టీంలో వాళ్ళు చాటుగా పంతులమ్మ అంటారు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఆవేళ మాత్రం సుద్దముక్క దాకా పోలేదు. తిన్నగా డైరెక్టరుగారి గదికి వెళ్ళింది.

"సార్, ఆమె చేసింది మన నియమమే."

"నియమం పనివాళ్ళ మధ్య అమ్మా. పెద్దమనుషుల ముందా?"

"ఎవరు పెద్దమనిషో ఉపగ్రహానికి తెలీదు కదండీ."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "చూడండి. ఆయన సంతకం పెడితేనే మనకి వచ్చే ప్రాజెక్టు. ఆయన ముందు నాకు చేతులు తియ్యమని చెబుతుందా తీగలు కట్టే మనిషి! పోనీ ఏమన్నా జరిగిందా? ఒక్క గీత పడిందా? అనవసరంగా అరిచింది."

"అనవసరమో కాదో..."

"స్టోర్సులో పడేయమన్నాను. కాంట్రాక్టు గడువు అయ్యేదాకా అక్కడ ఉంటుంది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముంది, గడువు అయిపోతుంది."

అంత తేలిగ్గా అన్నారు. కిటికీ తలుపు వెయ్యమన్నంత తేలిగ్గా. ఆవిడ విసవిసా బయటికి వచ్చేసింది. అక్కడినుంచి పరిపాలన విభాగానికి వెళ్ళింది. వాళ్ళు డైరెక్టరుగారి మాటే మాట అన్నారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ డైరెక్టరుగారి గది బయట కుర్చీలో కూర్చుంది. మీటింగులో ఉన్నారన్నారు. మీటింగు అయ్యాక భోజనంలో ఉన్నారన్నారు. భోజనం అయ్యాక లేరన్నారు.

మధ్యాహ్నం ఆవిడ తన గదికి తిరిగొచ్చేసరికి డిప్యూటీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బుద్ధిమంతుడు, పనిమంతుడు, కాకపోతే పై నుంచి ఫోన్ వస్తే కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి నిలబడతాడు.

"మేడమ్, డైరెక్టరుగారు ఫోన్ చేశారు. ప్రయోగం తేదీ దగ్గర పడుతోంది, పానెల్ మూసెయ్యమన్నారు. టార్చి వేసి చుట్టూ చూశాం, అంతా బాగానే ఉంది. మూసేశాం."

"సరే, సరే," అందావిడ, మనసు ఎక్కడో ఉండి. "ఆమె సంగతేమయింది, స్టోర్సులో చేరిందా?"

"చేరిందటండి."

"ఎంత అన్యాయమయ్యా!"

"అవునండి," అన్నాడు డిప్యూటీ, చుట్టూ ఒకసారి చూసుకుని.

స్టోర్సు ప్రయోగశాల వెనక పాత షెడ్డులో ఉంది. ఉపగ్రహం ఉండే క్లీన్ రూంలో గాలిని కూడా వడగట్టి వదులుతారు. ఇక్కడ దుమ్ము వేలితో రాస్తే పేరు కనబడేంత మందాన పేరుకుంది. తీగలమ్మాయి కింద గోనె పరుచుకుని కూర్చుని పాత స్క్రూలు సైజు ప్రకారం డబ్బాల్లో వేస్తోంది. దారం ముడులు వెయ్యడానికి అలవాటుపడ్డ వేళ్ళు, తుప్పు మరకలతో ఉన్నాయి.

"చూడండి మేడమ్," అన్నాడు స్టోర్‌కీపరు, "ఈవిడొచ్చి రెండు పూటలైనా కాలేదు, నా మేకులు కూడా స్కూలు పిల్లల్లా వరసలో నిలబడుతున్నాయి. నన్ను కూడా ఏదో డబ్బాలో వేసేస్తుందని భయంగా ఉంది."

తీగలమ్మాయి లేచి నిలబడింది. "కూర్చోండి మేడమ్... అయ్యో, ఎక్కడ కూర్చుంటారు."

"నా సంగతి వదిలెయ్. నువ్వెలా ఉన్నావు?"

"బాగానే ఉన్నానండీ. మేడమ్, ఆవేళ నేను..."

"నువ్వేం సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదమ్మా. తప్పు నీది కాదు."

"అది కాదండీ. ఆ పానెల్‌లో..."

"పానెల్ మూసేశారు, ఆ సంగతులన్నీ మేం చూసుకుంటాం. అసలు పాసు లాక్కోవడానికి వాళ్ళెవరు? నీకు ఆపే హక్కుంది. ఆ హక్కు నా టీంలో ప్రతి ఒక్కరికీ ఉంది. ఎంతవరకైనా వెళ్తాను. నువ్వు ధైర్యంగా ఉండు, సరేనా?"

తీగలమ్మాయి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. "సరేనండీ," అంది. ఆవిడ వెళ్ళిపోయాక కూడా కాసేపు నిలబడే ఉందని, చేతిలో స్క్రూ ఏ డబ్బాలో వెయ్యాలో మరిచిపోయినట్టుందని స్టోర్‌కీపరు తర్వాత ఎవరితోనో అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"ఏమ్మా, ఇవాళ కూరలో ఉప్పు బదులు కోపం వేశావా?"

"క్షమించండి అత్తయ్యా. మనసు మనసులో లేదు."

"ఇది ఉప్పు లేని కోపమే, నయం," అన్నాడు భర్త, డబ్బా అందుకుంటూ. "మొన్నటి కోపానికి నీళ్ళు తాగలేక చచ్చాం."

ఆవిడకి నవ్వు రాలేదు. జరిగిందంతా చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది. డైరెక్టరు మాటలు ఆయన గొంతుతోనే అని చూపించింది. అత్తగారు అన్నీ విని, "పెద్దవాళ్ళకి అందరిలో అవమానమైతే ఊరుకుంటారా తల్లీ," అంది.

"అవమానం ఎవరికండీ? ఆయన రెండు నిమిషాలు చెయ్యి వెనక్కి తీశారు. ఆ పిల్ల బతుకు స్టోర్సు పాలైంది."

"నిజమేలే. మరి నీ బతుకు కూడా స్టోర్సు పాలైతే?" అన్నాడు భర్త. ఈసారి హాస్యానికి అన్నట్టు లేదు.

ఆవిడ లేచి కంచాలు తీసింది. పడుకోబోయే ముందు రోజూలాగే దేవుడి పటం ముందు నిలబడింది. మామూలుగా అందరినీ చల్లగా చూడమని నాలుగు మాటలు అనుకుని వచ్చేస్తుంది. ఆవేళ, 'నీకు అన్నీ కనబడుతున్నాయి కదా స్వామీ, మరి ఆపవేం?' అని అడిగింది. అడిగాక తప్పుగా అన్నానేమోనని లెంపలేసుకుంది. లెంపలేసుకున్నా ఆ ప్రశ్న వెనక్కి పోలేదు.

మర్నాడు ఉపగ్రహాన్ని క్రేనుతో ఎత్తి, పక్క గదిలోని కుదుపు బల్ల మీదికి మార్చాలి. రాకెట్ ఎగిరేటప్పుడు ఎలా కుదుపుతుందో ఆ బల్ల అలా కుదిపి చూపిస్తుంది. అందుకు ముందు ఈ ఎత్తడమే పెద్ద పని. క్రేను నడిపే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ బాబాయి అంటారు. మెడకి వేలాడే మీటల పెట్టె మీద వేళ్ళు వేసి, గర్భిణిని మెట్లు దింపుతున్నంత జాగ్రత్తగా నడిపిస్తాడు. ఉపగ్రహం ఊగకుండా మూడు మూలల నుంచి మూడు తాళ్ళు కట్టి ముగ్గురు పట్టుకుని నడుస్తారు.

"లేస్తోంది," అన్నాడు బాబాయి. లేచింది. బంగారు రంగు రేకు తొడుక్కుని, పీట మీద నుంచి బెత్తెడు ఎత్తున గాలిలో నిలబడింది.

టీం లీడరు వెనక నిలబడి చూస్తోంది. కళ్ళు ఉపగ్రహం మీదున్నా తల నిండా డైరెక్టరే. ఆయన గదిలో ఈసారి ఏమనాలో మాటలు పేర్చుకుంటోంది. అంతలో డిప్యూటీ భుజం బిగుసుకోవడం కనబడింది. అతని చూపు పోయినవైపు తనూ చూసింది. ఎడమ మూల తాడు వదులై జారి, పక్కకి చాచి ఉన్న యాంటెన్నా కిందికి దూరింది. ఇంకో జానెడు లేస్తే ఆ తాడే యాంటెన్నాని విరుస్తుంది. బాబాయి నిలబడ్డచోటికి అది కనబడదు. డిప్యూటీకి కనబడింది. తాడు పట్టుకున్న ఇద్దరికీ కనబడింది. ముగ్గురి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. ముగ్గురూ నోరు మెదపలేదు.

"చేతులు!" అని ఆవిడే అరిచింది.

బాబాయి వేళ్ళు మీటల మీద నుంచి ఎగిరినట్టు లేచాయి. ఉపగ్రహం గాలిలో ఆగింది. ఆవిడ ఒక్కొక్కరికీ ఒక్కొక్క మాటే చెప్పి, తాడు వదులు చేయించి, మెల్లగా మళ్ళీ పీట మీదికే దింపించింది. గీత కూడా పడలేదు. అందరూ చేతులెత్తి నిలబడ్డారు.

"నీకు కనబడిందా?" అని డిప్యూటీని అడిగింది.

"కనబడిందండి."

"నీకు?"

తాడు పట్టుకున్నవాడు నేల చూశాడు. "కనబడింది మేడమ్."

"మరి?"

 అతనే అన్నాడు, "నాకు దుమ్ము పడదు మేడమ్. స్టోర్సులో వేస్తే ఉబ్బసం వస్తుంది."

ఎవరో నవ్వబోయి మానుకున్నారు.  మొన్నటిదాకా ఈ గదిలో ప్రతివాడికీ గొంతుండేది. ఒక్క మనిషి పాసు లాక్కుంటే, మిగతా అందరి గొంతులూ దాంతోపాటే పోయాయి.

"కానివ్వమంటారా?" అన్నాడు బాబాయి, మీటల పెట్టె సర్దుకుంటూ.

"అనను," అందావిడ. "చేతులు దించుకోండి, పక్కకి వచ్చి నిలబడండి. నేనింకా కానివ్వమనలేదు."

పావుగంటలో డైరెక్టరుగారే దిగివచ్చారు. గౌను వేసుకుని లోపలికి రాకుండా గాజు అద్దం వెనకే నిలబడి మైకు అందుకున్నారు. అందరూ అటువైపు వెళ్ళి నిలబడ్డారు.

"పని ఎందుకు ఆగింది?"

"నేనాపాను సార్. ఇంకో సంగతి, మొన్న ఆమె ఆపింది కదా, ఆమె ఇంతవరకు కానివ్వమనలేదు. కాబట్టి ఆ తర్వాత మేం చేసిన పనంతా లెక్కలోకి రాదు. పానెల్ మూయడంతో సహా. పరీక్షకి పంపే కాగితం మీద నేను సంతకం పెట్టను."

"మీరు పెట్టకపోతే డిప్యూటీ పెడతాడు. ఏమయ్యా?"

డిప్యూటీ అద్దం వైపు, టీం లీడరు వైపు మార్చి మార్చి చూశాడు. ముసుగు సర్దుకున్నాడు. చేతులు గౌనుకి తుడుచుకున్నాడు.

"సార్... పెట్టమంటే పెడతాను సార్. కానీ రేపు పైన ఏమన్నా అయితే, ఆపినవాళ్ళు చెప్పకుండా ఎలా కానిచ్చావయ్యా అని నన్నే అడుగుతారు సార్. అందుకని... ఆపినవాళ్ళే చెబితే బాగుంటుందేమో సార్."

అది ధైర్యమేమీ కాదు, అచ్చమైన భయమే. కాకపోతే ఆవేళ ఆ భయం సరైన వైపు తిరిగి నిలబడింది.

డైరెక్టరుగారు మైకు కట్టేసి, అద్దం వెనక అటూ ఇటూ తిరిగారు. మళ్ళీ మైకు తెరిచారు. "సరే. రేపు పొద్దున ఆమెని పిలిపిస్తాను. ఒక్క పూటకి పాసు ఇస్తారు. వచ్చి ఆ మాట చెప్పి మళ్ళీ స్టోర్సుకి పోతుంది. మీ తంతు తీరుతుంది, నా పని అవుతుంది. సంతోషమేనా?"

సంతోషం కాదు. అయినా ఆవిడ తలూపింది. ముందు ఆమెని గుమ్మం లోపలికి రానివ్వాలి, మిగతాది తర్వాత చూద్దాం అనుకుంది.

పొద్దున తీగలమ్మాయి వచ్చింది. మెడలో ఉన్నది సందర్శకుల పాసు, ఆవేళ అతిథి మెడలో వేసినలాంటిదే. పక్కన సెక్యూరిటీ మనిషి, పని అవగానే పాసు వెనక్కి తీసుకోవడానికి. ఆమె టోపీ పెట్టుకుని, ముసుగు కట్టుకుని, గౌను బొత్తాలు మెడ దాకా పెట్టుకుని, చేతులకి తొడుగులు లాక్కుని వచ్చి ఉపగ్రహం ముందు నిలబడింది. టీం అంతా చుట్టూ చేతులెత్తి నిలబడింది. ఆవేళ్టి ఆపడం ఇంకా తీరలేదు మరి. ఆ చేతులు చూడగానే ఆమె కళ్ళు చెమర్చాయి.

అద్దం వెనక మైకు టక్కుమంది. "ఊఁ, చెప్పమ్మా."

ఆమె చెప్పలేదు.

"ఒక్క మాటకి ఇంతసేపా? మాకు వేరే పనులున్నాయి."

"ఎలా చెప్పమంటారు సార్?" అంది ఆమె.  "నేను దేనికోసం ఆపానో అది ఇంకా ఎవరూ చూడలేదుగా."

 టీం లీడరు తల తిప్పి ఆమె వైపు చూసింది.

"ఏం చూశావమ్మా?" అని అడిగింది.

అడిగిన తర్వాత ఆవిడకి తట్టింది, ఈ మాట అడగడం ఇదే మొదటిసారని. నాలుగు రోజులుగా ఎన్ని గుమ్మాలెక్కింది, ఎంతమందితో గొంతు చించుకుంది, దేవుణ్ణి సైతం నిలదీసింది. ఈ పిల్లనే అడగలేదు. హక్కు, నియమం, అన్యాయం, అన్నీ తన నోటినుంచే వచ్చాయి. స్టోర్సులో ఆమె చెప్పబోతే రెండుసార్లు అడ్డుపడి ధైర్యం చెప్పి వచ్చింది. ఎత్తిన చేతులు ఆవిడకి ఒక్కసారిగా బరువెక్కాయి.

"ఆ పెద్దాయన వంగినప్పుడు కోటు దగ్గర ఏదో తళుక్కుమందండీ," అంది తీగలమ్మాయి. "అది జారి పానెల్‌లోకి, ఇంధనం ట్యాంకుకీ తీగల కట్టకీ మధ్యకి పడినట్టు అనిపించింది. బిళ్ళకుండే పిన్నేమో. లేకపోతే ఫోటో వెలుతురేమో. నాకు ఖచ్చితంగా తెలీదండీ."

"మరి ఎవరికీ చెప్పలేదేం?" అన్నాడు డిప్యూటీ.

"తర్వాత నన్నడిగిన ప్రశ్నలు వేరండీ. నువ్వెవరు ఆపడానికి అన్నారు. ఆయనెవరో తెలుసా అన్నారు. తెలుసన్నాను." టీం లీడరు వైపు తిరిగింది. "మేడమ్‌కి చెబుదామనుకున్నాను. మేడమ్ అప్పటికే నాకోసం చాలా కోపంలో ఉన్నారు."

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. అందుకే ఎక్కువ తగిలింది.

నేల మీద పడ్డ పిన్ను పడ్డచోటే ఉంటుంది. పైకి వెళ్ళాక బరువనేది ఉండదు, అది లోపల చేపపిల్లలా ఈదుతుంది. ఏదో ఒకరోజు రెండు తీగల కొసల మధ్య చేరిందంటే ఇన్నేళ్ళ కష్టం ఒక్క మెరుపుతో బుగ్గి. ఈ సంగతి ఆ గదిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అద్దం వెనక ఉన్నాయనకి కూడా.

"పానెల్ విప్పాలి," అంది టీం లీడరు.

"విప్పడమేమిటి?" మైకు గీపెట్టింది. "మళ్ళీ మూసి, మళ్ళీ పరీక్షించి... ప్రయోగం తేదీ ఏం కావాలి? తనకే ఖచ్చితంగా తెలీదంటోంది!"

"తెలీదు కాబట్టే సార్." ఆవిడ తీగలమ్మాయి వైపు తిరిగింది. "ఆపింది నువ్వు. ఏం చెయ్యాలో నువ్వు చెప్పు."

ఆమె చెప్పింది. ఒకరు వరస చదువుతుంటే, ఇంకొకరు తిరిగి పలికి, ఒక్కొక్క స్క్రూ తీశారు. తీసిన ప్రతిదాన్నీ బాబాయి మూత ఉన్న డబ్బాలో వేసి లెక్క అప్పజెప్పాడు. పానెల్ పక్కకి వచ్చింది. తీగలమ్మాయి పళ్ళ డాక్టరు దగ్గరుండేలాంటి చిన్న అద్దం, సన్న టార్చి తీసుకుని లోపలికి వంగింది. తన ముడులు తనే ఒక్కొక్కటీ దాటుకుంటూ వెతికింది. చాలాసేపు వెతికింది. తర్వాత లేచి, "మీరు చూడండి మేడమ్," అంది.

టీం లీడరు ఉపగ్రహాన్ని కంప్యూటర్ తెర మీద చూడటమే గానీ, ఇలా మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తల పెట్టి చాలా ఏళ్ళయింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. లోపల వెలుతురు పడ్డమేర దారం ముడులు, ఒకే ఎడంతో, ఒకే బిగువుతో, చీకట్లోకి పోతున్నాయి. ట్యాంకు నున్నగా ఉంది. కింద ఏమీ లేదు.

"నాకేం కనబడలేదమ్మా."

"నాక్కూడా లేదండీ." ఆమె టార్చి మళ్ళీ అందుకుంది. "అటువైపునుంచి కూడా ఒకసారి..."

అటువైపునుంచి చూశారు. డిప్యూటీ చూశాడు. జిగురు పూసిన కర్రతో సందులన్నీ అద్ది చూశారు. ఏమీ లేదు. తీగలమ్మాయి మొహం ముసుగు పైభాగాన కనబడినంత మేరా పాలిపోయింది.

"విన్నారా!" అంది మైకు, ఉత్సాహంగానే. "ఏమీ లేదు. నేను మొదటిరోజే చెప్పాను. ఇదంతా దేనికి చేసినట్టు?"

టీం లీడరు మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఏమీ లేదని తెలుసుకోడానికి సార్. ఇందాకటిదాకా మనకి తెలీదు. మీకూ తెలీదు."

అద్దం వెనక మైకు కట్టేసిన చప్పుడైంది.

తీగలమ్మాయి అందరి వైపూ ఒకసారి చూసింది. గుమ్మం దగ్గర సెక్యూరిటీ మనిషి గడియారం చూసుకుంటున్నాడు. ఆ మాట అనేస్తే ఆమె పని అయిపోతుంది, మెడలోని పాసు పోతుంది. అనకపోతే ఇంకో పూట, ఇంకో రోజు ఇక్కడే నిలబడవచ్చు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, చేతులెత్తి నిలబడ్డ ప్రతివాళ్ళకీ తెలుసు. ఆమె రెండు క్షణాలు కూడా ఆలోచించలేదు.

"కానివ్వండి," అంది.

అని, తనే మెడలోని పాసు తీసి, గుమ్మం దాకా నడిచి సెక్యూరిటీ మనిషి చేతిలో పెట్టింది. అందరూ చేతులు దించారు. డిప్యూటీ పానెల్ అందుకోబోయాడు.

"ఆగవయ్యా," అంది టీం లీడరు. "ఆమెది తీరింది. రెండోది నాది. నేనింకా కానివ్వమనలేదు."

డిప్యూటీ చేతులు మళ్ళీ పైకి లేచాయి. బాబాయివి లేచాయి. తాడు పట్టుకున్నవాళ్ళవి లేచాయి. సెక్యూరిటీ మనిషికి ఏం చెయ్యాలో తోచక, చేతిలో పాసుతో సహా తనూ ఎత్తాడు.

"ఇదేం బెదిరింపు?" మైకులో గొంతు కరుకుగా వచ్చింది. "దీనికి మీరు సంజాయిషీ రాసివ్వాల్సి ఉంటుంది, తెలుసా?"

"రాసిస్తాను సార్. బెదిరింపు మాత్రం కాదు. నిన్న నేను ఆపిన కారణం ఇంకా ఈ గదిలోంచి పోలేదు." ఆవిడ అద్దం దగ్గరికి నడిచింది. కోపం ఉంది గానీ ఈసారి గొంతు పెరగలేదు. "ఎందుకాపానో మీరు అడగండి. నేను చెబుతాను. నేను కూడా అడగకుండానే నాలుగు రోజులు అరిచాను సార్, అందుకే అంటున్నాను. అడగండి."

అద్దం మీద గదిలోని దీపాలు, ఎత్తిన చేతులు కనబడుతున్నాయి. వాటి వెనక ఆయన ఆకారం కదలకుండా నిలబడి ఉంది. గుమ్మం దగ్గర తీగలమ్మాయి ఆగిపోయి, వెనక్కి తిరిగి చూస్తోంది.

చాలాసేపటికి మైకు టక్కుమంది.

"ఎందుకాపారు?" అన్నారు డైరెక్టరుగారు.

"తాడు యాంటెన్నా కింద పడింది సార్," అంటూ ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. "ముగ్గురు చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు..."